ఇందులో కథేముంది?

“బాగుంది, కాదనను. కానీ ఇందులో కథేముంది? ఒకదానికీ ఇంకోదానికీ సంబంధమే లేదు.”

షో అయ్యాక బయటికి వెళ్తూ ఒకావిడ పక్కనున్నాయనతో అన్న మాట ఇది. నేను తలుపు పక్కనే నిలబడి ఉన్నాను. అరగంట క్రితం ఇదే మనిషి రెండు చేతులతో నోరు మూసుకుని, కళ్ళు పైకెత్తి, కుర్చీ అంచున కూర్చుని ఉండటం తెర పక్కనుంచి చూశాను. అంతగా కదిలిపోయిన మనిషి కూడా గుమ్మం దాటేసరికి ఏదో తక్కువైందని ఎందుకు అనుకుంది? ఆ రాత్రంతా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

ఒక సీజన్ పాటు, ఊళ్ళు తిరిగే ఒక క్యాబరే షోలో స్టేజి మేనేజర్‌కి అసిస్టెంటుగా పనిచేశాను. వేదిక మీద మొత్తం తొమ్మిది మంది. పాటలు పాడుతూ షోని నడిపించే ఒకామె. పియానో, డ్రమ్స్ వాయించే ఇద్దరు. ఒకరి చేతుల మీద ఒకరు నిలబడి విన్యాసాలు చేసే జంట. పైనుంచి వేలాడే సిల్క్ గుడ్డలు పట్టుకుని ఎక్కే అమ్మాయి. ఒక జగ్లర్. మనిషంత ఎత్తున్న లోహపు చక్రంలో నిలబడి నేలంతా తిరిగే అతను. ఆ చక్రాన్ని సిర్ వీల్ అంటారు. ఇక ఒక్క మాటా మాట్లాడని విదూషకుడు. తెర వెనక మేం నలుగురం.

కథ లేదన్న మాట ఆ ఒక్కావిడ దగ్గరే వినలేదు. సమీక్షలు రాసేవాళ్ళు అదే రాశారు. హాలు అద్దెకిచ్చేవాళ్ళు అదే అన్నారు. షోకి డబ్బు పెట్టినాయన కూడా ఒకరోజు వచ్చి, “ఏదైనా థీమ్ పెట్టి అన్నిటినీ కలిపేద్దామా?” అని అడిగారు. అప్పుడు నా దగ్గర సరైన జవాబు లేదు. ఇప్పుడు ఉంది. వెరైటీ షోలో కథ లేకపోవడం లోపం కాదు. కథ చేసే పని అక్కడ ఇంకొకటి చేస్తుంది, అది వరస. ఏది ముందు, ఏది తర్వాత, ఏ రెండిటి మధ్య ఎంత నిశ్శబ్దం. ఆ వరసని చూడలేనివాళ్ళకి ప్రతి ఐటమూ తీసి పక్కన పెట్టగలిగే ముక్కలా కనిపిస్తుంది. అలా కనిపించినప్పుడు నష్టపోయేది కళాకారుల ఒళ్ళు. ఈ రెండో సంగతి నాకు ఆలస్యంగా అర్థమైంది. అసలు ఈ వ్యాసం రాస్తున్నది దానికోసమే.

ముందు క్యాబరే అన్న మాట గురించి. ఆ పేరు చెప్పగానే కొందరి మొహం మారిపోతుంది. బట్టలు తక్కువగా వేసుకుని చేసే డాన్సు అన్న అర్థం ఆ మాటకి గట్టిగా అతుక్కుపోయింది. 1881లో పారిస్‌లోని మోంమార్త్‌లో రొడాల్ఫ్ సాలీస్ తెరిచిన ‘ల షా న్వార్’, అంటే ‘నల్ల పిల్లి’, ఇలాంటి చోట్లకి మూలం. అక్కడ కవులు పద్యాలు చదివేవారు, పాటగాళ్ళు పాడేవారు, తర్వాత్తర్వాత నీడలతో బొమ్మలాటలు కూడా ఆడించారు. సాలీస్ స్వయంగా నిలబడి వచ్చినవాళ్ళని పలకరిస్తూ, ఆటపట్టిస్తూ సాయంత్రాన్ని నడిపేవాడు. క్యాబరేకి ప్రాణం ఈ నడిపించే మనిషే. చిన్న గది, బల్లలు, చేతిలో గ్లాసు, ఎదురుగా నీ కళ్ళలోకి చూసి మాట్లాడే మనిషి. చూసేవాళ్ళు చీకట్లో దాక్కునే వీలు అక్కడ లేదు.

ఇలాంటి చోటికి సర్కస్ ఈమధ్యే వచ్చిందనుకుంటారు. అది నిజం కాదు. అసలు సర్కస్ పుట్టిందే వెరైటీగా. 1768లో లండన్‌లో ఫిలిప్ ఆస్ట్లీ అనే గుర్రపు సైనికుడు గుండ్రంగా గుర్రాన్ని పరిగెత్తిస్తూ దాని వీపు మీద నిలబడి చూపించాడు. గుండ్రంగా తిరిగే గుర్రం మీద, లోపలికి వాలి నిలబడితే నిలదొక్కుకోవడం తేలిక. అలా స్థిరపడిన 42 అడుగుల రింగు, అంటే దాదాపు 13 మీటర్లది, నేటికీ సర్కస్ కొలత. కొద్ది కాలంలోనే ఆస్ట్లీకి గుర్రాలొక్కటే చాలవని తెలిసింది. గుర్రపు ఐటమ్‌ల మధ్య పిల్లిమొగ్గలు వేసేవాళ్ళనీ, తాడు మీద నడిచేవాళ్ళనీ, విదూషకుణ్ణీ పెట్టాడు. మనం ఇవాళ సర్కస్ అంటున్నది అక్కడ మొదలైంది. ఒకదానికొకటి సంబంధం లేని పనులు ఒకే గుండ్రం లోపల ఒకదాని తర్వాత ఒకటి రావడం అన్నది దాని పుట్టుకలోనే ఉంది.

ట్రపీజ్ సంగతి ఇంకా ఆసక్తికరం. జూల్ లెయొతార్ 1859 నవంబర్ 12న పారిస్‌లోని సిర్క్ నెపోలియన్‌లో ఒక ఊయల నుంచి ఇంకో ఊయలకి గాల్లో దూకి చూపించాడు. కింద వల లేదు, పరుపులు పరిచారు. రెండేళ్ళు తిరక్కుండా, 1861లో, అతను లండన్‌లోని అల్‌హంబ్రా మ్యూజిక్ హాల్లో భోజనం చేస్తున్న జనం తలల మీదుగా ఎగురుతున్నాడు! అంటే సర్కస్ విద్య పుట్టిన వెంటనే బల్లల మధ్యకి వచ్చేసింది. మా కాలానికి దగ్గరగా చెప్పాలంటే, 2004లో ఎడిన్‌బరో ఫ్రింజ్ ఉత్సవంలో మొదలైన ‘లా క్లీక్’ ఈ కలయికని మళ్ళీ బాగా జనంలోకి తెచ్చింది. బెల్జియంలో పుట్టిన అద్దాల డేరా, స్పీగెల్‌టెంట్, దానికి వేదిక. చెక్క, అద్దాలు, గుడ్డ. విప్పి, బళ్ళ మీద వేసి, ఇంకో ఊళ్ళో మళ్ళీ నిలబెట్టుకోవచ్చు. ఆ షోకి 2009లో బ్రిటన్‌లో నాటకరంగానికిచ్చే లారెన్స్ ఒలివియర్ అవార్డు కూడా వచ్చింది. అందులోనూ కథ లేదు.

ఇక వరస గురించి. దీని దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే నేను పనిలో నేర్చుకున్న అసలైన విద్య ఇదే.

అమెరికాలో వాడెవిల్, అంటే అక్కడి వెరైటీ షోలు, నడిచిన రోజుల్లో వరస వెయ్యడం ఒక ప్రత్యేక నైపుణ్యం. మొదటి ఐటం మాటలు లేనిది పెట్టేవారు. అక్రోబాట్లో, జంతువుల ఆటో. జనం ఇంకా వస్తూ, కుర్చీలు వెతుక్కుంటూ ఉంటారు కాబట్టి మాట వినపడకపోయినా నష్టం లేనిది కావాలి. పెద్ద స్టార్‌ని చివరికి కాకుండా దానికి ముందు పెట్టేవారు. చివరి ఐటం సమయానికి కొందరు లేచి వెళ్ళిపోతుంటారు. పెద్ద సెట్ మార్చాల్సి వస్తే, తెర దించి దాని ముందు ఒక హాస్యగాణ్ణో పాటగాణ్ణో నిలబెట్టేవారు. అతను నవ్విస్తుంటే వెనక మేకులు కొడుతుంటారు. జనానికి అది షోలో భాగం, పనివాళ్ళకి అది సెట్ మార్చుకునే సమయం. రెండూ నిజమే.

మా షోలో కూడా ప్రతి నిర్ణయానికీ ఇలాంటి రెండు మొహాలుండేవి. సిర్ వీల్‌కి నేల శుభ్రంగా ఉండాలి. జంట చేతులకి రాసుకునే సుద్దపొడి నేల మీద పడితే చక్రం జారుతుంది. కాబట్టి చక్రం ముందు, జంట తర్వాత. సిల్క్ గుడ్డల మీద ఎక్కేవాళ్ళు పట్టు కోసం రోజిన్, అంటే పైన్ చెట్టు బంక, వాడతారు, అది నేల మీద పడితే జిగురు జిగురుగా అంటుకుంటుంది. హాలు వేడెక్కేకొద్దీ చేతులకి చెమటలు పడతాయి, గుడ్డ జారుతుంది. కాబట్టి ఆ అమ్మాయి ఐటం మరీ ఆలస్యంగా రాకూడదు. గుడ్డలు పైనుంచి దించి, కొక్కేలు తగిలించి, ఇంకోసారి సరిచూడటానికి, ఆ పని చూసే రిగ్గర్‌కి కొంత సమయం కావాలి. ఆ సమయం విదూషకుడిది.

ఇవన్నీ పనివాళ్ళ లెక్కలు. దానిపైన ఊపిరి లెక్క ఉంటుంది. ఒక ప్రమాదకరమైన ఐటం నడుస్తున్నప్పుడు హాలంతా ఊపిరి బిగపడుతుంది. ఆ వెంటనే ఇంకో అలాంటిది పెడితే జనం అలిసిపోతారు, రెండోది ఎంత గొప్పదైనా మొదటిదాని కంటే చిన్నగా కనిపిస్తుంది. మధ్యలో ఒక పాట రావాలి, లేదా ఒక నవ్వు. చప్పట్లకి కూడా లెక్కుంది. వరసగా మూడుసార్లు చేతులు నొప్పెట్టేలా కొట్టించకూడదు.

దాని మీద ఇంకో లెక్క ఉంది, అది అర్థానిది. మా గాయని దగ్గర విడిపోయినవాళ్ళ గురించి ఒక పాట ఉండేది. మొదట్లో దాన్ని జంట ఐటం తర్వాత పాడేది. జంట ఒకరినొకరు మోసుకుని, దించుకుని, చెయ్యి వదిలి వెళ్ళిపోతారు, తర్వాత ఆ పాట. జనం శ్రద్ధగా విని చప్పట్లు కొట్టేవారు. ఒకసారి ఎందుకో వరస మార్చి పాటని ముందు పెట్టాం. పాట అయిపోయి వెలుగు మారగానే ఆ ఇద్దరూ నడుచుకుంటూ వచ్చి ఎదురెదురుగా నిలబడ్డారు, అతను అరచేయి చాపాడు. ఆమె ఆ అరచేతిలో పాదం పెట్టేలోపే హాల్లో ఎవరో ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. విన్యాసం మారలేదు, పాట మారలేదు. నిన్న ఆ జంట బలం చూపించిన మనుషులు, ఇవాళ మళ్ళీ నమ్మడానికి సిద్ధపడుతున్న మనుషులు. ఎవరూ ఎవరికీ ఏ కథా చెప్పలేదు. చూసేవాళ్ళు తమ దగ్గరున్నది తెచ్చి ఆ రెండిటి మధ్య ఖాళీలో పెట్టుకున్నారు.

కథ ఉండే నాటకంలో ఆ ఖాళీని రచయిత నింపుతాడు. వెరైటీలో అది చూసేవాళ్ళ కోసం ఉంచేస్తారు. ఇది నింపడం చేతకాక వదిలెయ్యడం కాదు. దీన్ని ఎంత వెడల్పుగా వదలాలో తెలియడానికి ఏళ్ళు పడుతుంది.

దీనికి తోడు గది చిన్నది కావడం. పెద్ద డేరాలో, స్టేడియంలో చూసిన విన్యాసం నాకు ఎప్పుడూ బొమ్మలానే ఉండేది. అందంగా ఉంటుంది, దూరంగా ఉంటుంది. మా హాళ్ళలో మొదటి వరస వేదికకి రెండు మీటర్లు. జంటలో కింద నిలబడి మోసే అతని పిక్కలు సన్నగా వణకడం అక్కడి నుంచి కనిపిస్తుంది. ఎగరబోయే ముందు అతను మెల్లగా “హప్” అనడం వినిపిస్తుంది. ఒకరోజు ఆమె అతని ఒక్క చేతి మీద తన ఒక్క చేతితో తలకిందులుగా నిలబడే చోట తూలిపోయింది. అతను సర్దుకుని నేలకి దించాడు. మళ్ళీ ఎక్కింది, మళ్ళీ తూలింది. హాలంతా బిగుసుకుపోయింది. అతను తలూపి వద్దన్నాడు, ఇక ముగిద్దామని. ఆమె “మళ్ళీ” అంది. ఆ ఒక్క మాట ఆఖరి వరసదాకా వినిపించింది. మూడోసారి నిలబడింది. నేను ఆ సీజన్‌లో వాళ్ళ ఐటం వందసార్లకి పైగా చూశాను. తప్పు లేకుండా చేసిన రాత్రులు చాలా ఉన్నాయి. గుర్తున్నది మాత్రం ఇదే.

ఈ దగ్గరితనం కెమెరాలో పట్టదు. దీనికి సంబంధించి చరిత్రలో ఒక సంగతి నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగా ఉంటుంది. 1895 నవంబర్ 1న బెర్లిన్‌లోని వింటర్‌గార్టెన్ వెరైటీ థియేటర్లో స్క్లడనోవ్స్కీ సోదరులు కదిలే బొమ్మలు చూపించారు. అది ఆ సాయంత్రపు కార్యక్రమంలో ఆఖరి ఐటం. అంటే సినిమా కూడా వెరైటీ షోలో ఒక ఐటంగానే జనం ముందుకొచ్చింది. ఆ బొమ్మల్లో ఉన్నది ఎవరనుకున్నారు? అక్రోబాట్లు, ఒక జగ్లర్, బాక్సింగ్ చేసే కంగారూ. చిన్న అతిథిగా వచ్చిన సినిమా ఇల్లంతా ఆక్రమించింది. వాడెవిల్‌కి శిఖరంలాంటి న్యూయార్క్ ప్యాలెస్ థియేటర్ 1932కల్లా సినిమా హాలుగా మారిపోయింది. ఇప్పుడు ఫోన్లో పదిహేను సెకన్లలో సిల్క్ మీద నుంచి దొర్లుకుంటూ కిందికి పడటం చూస్తున్నాం. పడటం మాత్రమే కనిపిస్తుంది. దానికి ముందు మూడు నిమిషాల పాటు ఆమె నిదానంగా ఎక్కడం, నడుముకి గుడ్డ చుట్టుకోవడం, ఆ చుట్టు ఎందుకో మనకి తెలియకపోవడం ఉండవు. అవి లేకపోతే పడటానికి బరువుండదు.

ఐటం అన్న మాటని చులకనగా వాడటం మానాలని కూడా నాకు గట్టిగా అనిపిస్తుంది. సర్కస్‌వాళ్ళకి ఒక ఐటం అంటే సొంత ఆస్తి. సంగీతం, దుస్తులు, చూపు ఎప్పుడు జనం వైపు తిప్పాలి, ఎప్పుడు తిప్పకూడదు, అన్నీ వాళ్ళే కట్టుకుంటారు. దాన్ని పెట్టెలో సర్దుకుని ఒక షో నుంచి ఇంకో షోకి వెళ్తారు. ఏడు నిమిషాల ఐటం పదేళ్ళు నడవొచ్చు. వాడెవిల్‌లో కొందరు దాదాపు అదే ఐటంతో ఏళ్ళ తరబడి దేశమంతా తిరిగారు. ఒక్క రాత్రి టీవీలో వేస్తే ఆ ఐటం అందరూ చూసేసినట్టే, ఇక దానితో ఎక్కడికీ వెళ్ళలేరు. టీవీ వచ్చాక అలా ఎంతోమంది కూడబెట్టుకున్నది ఖర్చైపోయింది.

ఒక ఐటం లోపల ఎంత పట్టించవచ్చో తెలియాలంటే బార్బెట్ గురించి చెప్పుకోవాలి. టెక్సాస్‌లో పుట్టిన వాండర్ క్లైడ్ 1920లలో పారిస్‌లో ఆ పేరుతో, ఆడవేషంలో, తీగ మీదా ట్రపీజ్ మీదా విన్యాసాలు చేసేవాడు. ఈకల దుస్తులతో వచ్చేవాడు, జనం ఒక అందగత్తెని చూస్తున్నామనుకునేవారు. ఆఖర్న వందనం చేస్తూ విగ్గు తీసేసేవాడు. అప్పటిదాకా చూసిందంతా ఒక్క క్షణంలో వెనక్కి వెళ్ళి మళ్ళీ చూసుకోవాల్సి వచ్చేది. కవి జాఁ కాక్తో 1926లో దీని మీద పెద్ద వ్యాసమే రాశాడు. నాటకరంగానికి ఇందులో పాఠం ఉందని అతనికి అనిపించింది. ఇంత పని కొద్ది నిమిషాల్లో జరిగిందంటే, దాన్ని తీసి ఏదో థీమ్‌లో ఇరికిస్తే ఏమవుతుంది?

కథ చెప్పే సర్కస్ మీద నాకు కోపం లేదు. 1984లో క్యూబెక్‌లో మొదలైన సిర్క్ దు సొలేయ్ వల్ల సర్కస్‌కి ఎంతోమంది కొత్త ప్రేక్షకులు వచ్చారు. సర్కస్ విద్యతో నాటకం కట్టిన బృందాల్లో కొన్నిటిని చూసి నేను నిజంగా కదిలిపోయాను. నా అభ్యంతరం ఒక్కటే. విన్యాసం చేసే మనిషికి సీతాకోకచిలుక వేషం వేసి, “నువ్వు ఇప్పుడు గూడులోంచి బయటికొస్తున్నావు” అన్నప్పుడు, ఆమె నిజంగా చేస్తున్న పని వెనక్కి పోతుంది. పన్నెండడుగుల ఎత్తులో ఒక్క మడమ చుట్టూ చుట్టిన గుడ్డ మీద మనిషి వేలాడుతోంది. అది నటన కాదు. నటన కాని విషయానికి నటన తొడిగితే రెండూ పలచబడతాయి. క్యాబరే ఆ మనిషిని ఆ మనిషిగానే పరిచయం చేస్తుంది. గాయని పేరు చెప్తుంది, ఆమె వస్తుంది, చేస్తుంది, వందనం చేసి వెళ్తుంది.

ఇంకో అభ్యంతరం ఉంది, అది దీనికంటే బరువైనది. క్యాబరే పేరుతో ఒళ్ళు అమ్ముకోవడమే కదా అంటారు. చాలా చోట్ల అది నిజం కూడా. విన్యాసం సాకుగా, ఒళ్ళు అసలు సరుకుగా పెట్టే షోలు నేను చూశాను. వాటిని సమర్థించను. కానీ తేడా ఎక్కడ తెలుస్తుందంటే, దుస్తులు ఎవరు నిర్ణయిస్తున్నారో అడగండి. ఒక హాలు నిర్వాహకులు మా సిల్క్ అమ్మాయి దుస్తులు “ఇంకొంచెం తగ్గించండి, పోస్టరుకి బాగుంటుంది” అన్నారు. కాళ్ళు మొత్తం కప్పే బట్ట లేకపోతే గుడ్డ రాపిడికి చర్మం కాలిపోతుంది. మోకాలి వెనక, చంకల్లో ఆమెకి ఆ మచ్చలు అప్పటికే ఉన్నాయి. ఆమె కుదరదంది. గాయని ఆమె పక్కన నిలబడి, ఆ దుస్తులు ఐటంలో భాగం, ఐటం ఆమెది అని చెప్పింది. మాట అక్కడితో ఆగింది. ఐటం నీదైనప్పుడు ఒళ్ళు కూడా నీదిగా ఉంటుంది. నిర్మాత చేతిలో మారే ముక్క అయినప్పుడు ఉండదు.

ఇక్కడికొచ్చాం కాబట్టి అసలు సంగతికి వస్తాను.

ఇదంతా చివర్లో పైకప్పు దగ్గర తేలుతుంది. గాల్లో ఐటం చేసే మనిషి బరువు యాభై ఐదు కిలోలు అనుకోండి. పైనున్న కొక్కెం మోసేది యాభై ఐదు కిలోలే కాదు. ఆమె గుడ్డలోంచి దొర్లుకుంటూ పడి ఒక్కసారిగా ఆగినప్పుడు దాని మీద పడే లాగుడు ఆమె బరువుకి కొన్ని రెట్లు ఉంటుంది. అందుకే రిగ్గర్ ప్రతి కొత్త హాల్లో దూలం దేనితో చేశారు, ఎంత మోస్తుంది అని కాగితాలు అడుగుతాడు, ప్రతి కొక్కేన్నీ, ప్రతి స్వివెల్‌నీ చేత్తో తడిమి చూస్తాడు. స్వివెల్ అంటే తాడు మెలిపడకుండా తిరిగే కీలు. అరచేతిలో పట్టేంత వస్తువు. తన కాలంలో సర్కస్ ప్రపంచంలోనే అతి పెద్ద పేరైన లిలియన్ లీట్జెల్ 1931 ఫిబ్రవరి 13న కోపెన్‌హాగెన్‌లో పడిపోయింది ఆ కీలు విరిగినందుకే. రెండ్రోజుల తర్వాత చనిపోయింది. ఆమె పడింది పెద్ద సర్కస్ డేరాలో కాదు, ఒక మ్యూజిక్ హాల్లో.

మా టూర్‌లో ఒక హాలువాళ్ళు రిగ్గింగ్‌కి ఎనిమిది గంటలు ఇస్తామని ఒప్పుకుని, వెళ్ళాక నాలుగే ఇచ్చారు. పొద్దున ఇంకేదో మీటింగ్ పెట్టుకున్నారట. “మీది పాటలు, మధ్యలో నాలుగు ఫీట్లే కదా, సెట్ కూడా లేదు” అన్నారు. దూలం కాగితాలు అడిగితే, “ఇన్నేళ్ళుగా నిలబడే ఉందిగా” అన్నారు. అంటే కథ ఉన్న నాటకం అయితే సెట్ ఉంటుంది, సెట్‌కి సమయం కావాలని వాళ్ళకి తెలుసు. మాకు కథ లేదు కాబట్టి మాకేమీ లేనట్టే. మా రిగ్గర్ రెండు గంటలు పైకప్పులో తిరిగి దిగొచ్చి, ఇక్కడ గాల్లో ఐటం చెయ్యనివ్వనని తేల్చేశాడు. అతనంటే నాకు అప్పటిదాకా కాస్త భయం, ఆ రోజు నుంచి గౌరవం. ఆ సాయంత్రం సిల్క్ లేకుండానే షో జరిగింది. పోస్టరు మీద ఉన్నది లేదని కొందరు డబ్బు వెనక్కి అడిగారు. హాలువాళ్ళు ఆ డబ్బు మా లెక్కలోంచి కోశారు.

“ఇందులో కథేముంది” అన్న మాట నాకు ఇప్పుడు అమాయకంగా వినిపించకపోవడానికి కారణం ఇది. ఐటమ్‌లు విడివిడి ముక్కలే అనుకున్నవాళ్ళు ముందుగా రిహార్సల్ సమయం కోస్తారు. తర్వాత వార్మప్‌కి చోటు తీసేస్తారు. మా జంట ఎన్నోసార్లు కారిడార్లో, బీరువాల మధ్య ఒళ్ళు వేడెక్కించుకున్నారు. పోస్టరు మీద షో పేరు ఉంటుంది, లోపల ఎవరున్నారో ఉండదు. తిరిగే షోలలో చాలామందికి డబ్బు షోకి ఇంత అని లెక్క. భుజం పట్టేస్తే ఆ రోజు సంపాదన లేదు, కాబట్టి భుజం పట్టేసినా చెప్పరు. పెద్ద సంస్థలో ఉన్నా భరోసా అంతంతే. 2020లో కరోనాకి సిర్క్ దు సొలేయ్ ఒకేసారి 44 షోలు ఆపేసి దాదాపు 95 శాతం సిబ్బందిని తీసేసి, అప్పులవాళ్ళ నుంచి రక్షణ కోసం కోర్టుకి వెళ్ళింది. ఇంతా చేసి ఈ విద్యకి బళ్ళు లేక కాదు. మాస్కోలో 1927 నుంచి ప్రభుత్వ సర్కస్ స్కూలు ఉంది, మాంట్రియల్‌లో 1981 నుంచి ఉంది. ఏళ్ళ తరబడి చదువుకుని వచ్చిన మనిషిని మనం “మధ్యలో వచ్చే ఫీటు” అంటున్నాం.

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. పోస్టరు మీద ప్రతి ఐటం చేసేవాళ్ళ పేరూ వెయ్యాలి, రిగ్గర్ పేరు కూడా. ఒప్పందంలో రాసిన రిగ్గింగ్ గంటలు ఎవరూ ముట్టుకోకూడదు. దెబ్బ తగిలిన రాత్రికి కూడా డబ్బివ్వాలి. సమీక్ష రాసేవాళ్ళు ఏ ఐటం తర్వాత ఏది వచ్చిందో, అప్పుడు హాల్లో ఏం జరిగిందో రాయాలి. అదొక్కటి రాసినా నిర్మాతలు మా పనిని వేరేగా చూస్తారు.

సిల్క్ అమ్మాయికి భుజం దెబ్బ తగిలిన రోజు సంగతి చెప్పి ఆపుతాను. అది వేరే ఊళ్ళో, టూర్ సగంలో. షోకి గంట ముందు వార్మప్‌లో భుజం పట్టేసింది. ఈసారి దాచలేదు, నేరుగా వచ్చి చెప్పింది. గుడ్డలు అప్పటికే పైన కట్టేసి ఉన్నాయి, విప్పే సమయం లేదు. మొదటి సగం ఆఖర్న ఏడు నిమిషాల ఖాళీ. గాయని వేదిక మీదకి వెళ్ళి, ఇక్కడ రావాల్సిన అమ్మాయికి ఇందాకే దెబ్బ తగిలిందని ఉన్నదున్నట్టు చెప్పింది. తర్వాత విదూషకుడు వెళ్ళాడు. వేలాడుతున్న గుడ్డల్ని కాసేపు చూశాడు. ఒక కొస పట్టుకున్నాడు. ఉతికి ఆరేసిన దుప్పటిలా మడత పెట్టడం మొదలుపెట్టాడు. రెండో కొస పట్టుకోమని మొదటి వరసలో ఒకాయన్ని పిలిచాడు. జనం బాగా నవ్వారు. మడత పెడుతూ పెడుతూ చెయ్యి అందినంత ఎత్తుకి వచ్చాక గుడ్డ ఇక కదల్లేదు. పైకి చూశాడు. అంతెత్తు పైన అది ఎక్కడ కట్టి ఉందో హాలంతా అతనితో పాటు పైకి చూసింది. నవ్వు ఆగిపోయింది. మడత పెట్టిందంతా జాగ్రత్తగా మళ్ళీ విప్పి, నలగకుండా సర్ది, వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి వరస రాసుకున్న కాగితం నా దగ్గర ఇంకా ఉంది. ఆరో నంబరు మీద అడ్డంగా గీత, పక్కన పెన్సిల్‌తో విదూషకుడి పేరు.

ఆరు వారాల తర్వాత ఆమె తిరిగొచ్చింది. భుజం ఇంకా పూర్తిగా కుదురుకోలేదు, ఐటం ఏడు నిమిషాల నుంచి నాలుగుకి తగ్గించుకుంది. మిగిలిన మూడు నిమిషాల్లో ఏం పెట్టాలని ఎవరూ చర్చ పెట్టలేదు. విదూషకుడు మామూలుగా వెళ్ళి గుడ్డ ఒక కొస పట్టుకుని మడత పెట్టడం మొదలుపెట్టాడు, సాయం కోసం చుట్టూ చూశాడు. ఆమె తెర పక్కనుంచి నడుచుకుంటూ వెళ్ళి రెండో కొస అందుకుంది. ఇద్దరూ ఎదురెదురుగా, గుడ్డ మధ్యలో. అతను తన కొస ఆమె చేతిలో పెట్టేసి పక్కకి తప్పుకున్నాడు. ఆమె రెండు గుడ్డలూ కలిపి పట్టుకుని, ఒకసారి గట్టిగా లాగి చూసుకుని, ఎక్కడం మొదలుపెట్టింది.